పట్టీల బాబాయి

మా బాబాయికి రెండు గదుల మధ్య పట్టీ లేకపోతే ఊపిరాడదు.

ఈ మాట కొంచెం విడమరిచి చెప్పాలి. ఆయన ఇళ్ళల్లో చెక్క ఫ్లోరింగ్ వేస్తాడు. ఒక గదిలో చెక్క, పక్క గదిలో టైల్స్ ఉంటే ఆ రెండూ కలిసేచోట, తలుపు కింద, సన్నటి అల్యూమినియం పట్టీ పెట్టి స్క్రూలు బిగిస్తారు. అది అందరూ చేసే పనే. మా బాబాయి ప్రత్యేకత ఏమిటంటే, రెండు గదుల్లోనూ ఒకటే చెక్క, ఒకటే రంగు, ఒకే డబ్బాలోంచి తీసిన పలకలు అయినా సరే మధ్యలో పట్టీ వేస్తాడు. వద్దన్నా వేస్తాడు. బతిమాలినా వేస్తాడు. అరిస్తే, అరుపులు అయిపోయేదాకా ఆగి వేస్తాడు.

ముప్పై నాలుగేళ్ళుగా ఆయన పనికి వంక పెట్టినవాడు లేడు. ఆయన వేసిన రెండు పలకల మధ్య కాగితం దూరదు. అందుకే జనం ఆయన్నే పిలుస్తారు. పిలిచి పోట్లాడతారు.

ఒకసారి ఒక పళ్ళ డాక్టరుగారు కొత్త ఇంటికి ఫ్లోరింగ్ వేయించుకున్నాడు.

“ఈ గోడ నుంచి ఆ గోడదాకా నేలంతా ఒక్కటే అనిపించాలయ్యా. మధ్యలో అడ్డం ఏమీ ఉండకూడదు.”

“అలాగేనండీ. తలుపుల దగ్గర మాత్రం పట్టీ ఉంటుంది.”

“రెండు గదుల్లోనూ ఒకటే చెక్క కదా! ఇంకా మధ్యలో పట్టీ ఎందుకు?”

“మీ నోట్లో ముప్పై రెండూ ఒకటే రకం పళ్ళు కదండీ. మరి మధ్యలో సందులెందుకు?”

అన్నాళ్ళూ ఇతరుల నోళ్ళు తెరిపించిన డాక్టరుగారు ఆ పూట తనే నోరు తెరిచాడు. ఆ నోరు మూసుకునేలోపు మూడు పట్టీలు పడ్డాయి.

మా పాప పుట్టినప్పుడు ఆసుపత్రికి చుట్టాలందరూ వచ్చారు. ముక్కు ఎవరిది, గడ్డం ఎవరిది అని ఉయ్యాల చుట్టూ చేరి పంపకాలు చేస్తున్నారు. మా బాబాయి మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయి, నేలకేసి చూస్తూ, “ఒరేయ్, ఈ గదికీ నడవకీ మధ్య పట్టీ లేదురా” అన్నాడు. తర్వాత గుర్తొచ్చి, “పిల్ల బావుంది” అన్నాడు.

ఆ రోజు ఆయన తెచ్చిన కానుక రంగు కాగితంలో చుట్టి, పైన రిబ్బను కట్టి ఉంది. పొడుగ్గా ఉంది. మా ఆవిడ విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది... పాపకా, మావయ్యగారూ?”

“అవునమ్మా. తలుపు వెడల్పుకి సరిగ్గా సరిపోతుంది. గౌనులూ అవీ అయితే ఆర్నెల్లకి పొట్టయిపోతాయి. ఇది అవదు.”

మా బాబాయి గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఆయన పెళ్ళి చేసుకోలేదు, ఒక్కడే ఉంటాడు. చేతిలో స్క్రూడ్రైవర్ లేకపోతే నలుగురిలో కూర్చోవడం ఆయనకి చేతకాదు. భోజనానికి పిలిస్తే కుర్చీ అంచుమీద, వేరేవాళ్ళ కుర్చీలో పొరపాటున కూర్చున్నట్టు కూర్చుంటాడు. ఏమడిగినా “ఊఁ” అంటాడు. పది నిమిషాలకి లేచి, “వస్తా మరి” అంటాడు. అదే మనిషి మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూ బిగించడం మొదలుపెడితే, ఆయన నోరు ఆపడం ఎవరి తరమూ కాదు. పని లేకుండా ఒకరింటి గుమ్మం తొక్కడం ఆయన ఒంట్లో లేదు.

ఇక నా సంగతి. నేను పదార్థాల బలాన్ని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. లోహపు కడ్డీల్ని లాగి, ఎంత బరువుకి ఎక్కడ తెగుతాయో రాసుకోవడం నా ఉద్యోగం. మా ఆవిడ మత్తు డాక్టరు. పాప పుట్టాక ఆమె డ్యూటీకి తిరిగి వెళ్ళింది. నేను ఏడాదిన్నర సెలవు పెట్టి పాపతో ఇంట్లో ఉండిపోయాను. తొమ్మిదేళ్ళపాటు ఏది ఎక్కడ తెగుతుందా అని చూసినవాడి చేతికి పసిబిడ్డని ఇస్తే ఏమవుతుంది? ఇంట్లో ఏ వస్తువు చూసినా, ఇది ఎప్పుడు విరిగి ఎవరిమీద పడుతుందా అనే కనిపిస్తుంది. బల్ల మూలలన్నిటికీ స్పాంజి కట్టాను. పాలు వేడిగా ఉన్నాయేమోనని థర్మామీటరు పెట్టి చూసేవాణ్ణి. అది తప్పు చెబితే? అందుకని ఇంకోటి కొన్నాను. రెండూ తేడాగా చెప్పేసరికి మూడోది కొన్నాను.

పాపకి ఎనిమిదో నెల వచ్చినప్పుడు మేం కొత్త ఫ్లాటులోకి మారాం. ఫ్లోరింగ్ బాబాయి చేతే వేయించాలని మా ఆవిడ పట్టుబట్టింది. నేను ముందుజాగ్రత్తగా కొలతలన్నీ వేసి ఇంటి బొమ్మ గీశాను. ఇల్లంతా ఒకటే నేల, ఒక్క పట్టీ లేదు. కింద ఎర్ర సిరాతో “పట్టీలు సున్నా” అని రాశాను.

మర్నాడు ఆ కాగితం తిరిగొచ్చింది. ప్రతి తలుపు దగ్గరా పెన్సిల్ గీత ఉంది. నా సున్నా పక్కన చిన్నగా “నాలుగు” అని ఉంది.

“బాబాయ్, డబ్బా మీద కంపెనీవాళ్ళే రాశారు. పది మీటర్లదాకా పట్టీ అక్కర్లేదని. మా ఇల్లు ఈ చివర నుంచి ఆ చివరికి తొమ్మిది మీటర్ల ఇరవై సెంటీమీటర్లు.”

“డబ్బా మీద రాసినవాడు మీ ఇంట్లో కాపురం ఉంటాడా?”

“తేమకి చెక్క ఎంత పెరుగుతుందో కూడా లెక్క కట్టాను. సరిపోతుంది.”

“లెక్క నీది. మోకాళ్ళు నావి.”

“అది కాదు బాబాయ్. పట్టీ నాలుగు మిల్లీమీటర్లు ఎత్తుంటుంది. పాప నడక మొదలెట్టాక కాలికి తగిలి పడితే?”

“పడితే లేస్తుంది.”

“తలకి దెబ్బ తగిలితే?”

“ఇప్పుడు తగిలింది ఎవరి తలకిరా?” అన్నాడు బాబాయి.

పాపకి టీకా వేయించే రోజున ఇల్లు ఆయనకి అప్పజెప్పి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నేల అద్దంలా ఉంది. పడగ్గది తలుపు దగ్గర పట్టీ. వంటింటి దగ్గర పట్టీ. నా రాతగది దగ్గర పట్టీ. బాల్కనీ గది దగ్గర పట్టీ.

“వేసేశావా!”

“నువ్వు చూస్తే బాధపడతావని, లేనప్పుడే వేసేశానురా” అన్నాడు ప్రేమగా.

వారం తిరక్కముందే పడగ్గది పట్టీ మోగడం మొదలుపెట్టింది. కాలు వేస్తే “టక్”. తీస్తే మళ్ళీ “టక్”. నేను ఫోన్ తీసి విరుచుకుపడ్డాను.

“బాబాయ్, నీ పట్టీ...”

“వస్తున్నా.”

అరగంటలో పెట్టెతో దిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక స్క్రూ బిగించాడు. ఇరవై సెకన్ల పని. నేను మర్యాదకి టీ పెట్టాను. స్క్రూడ్రైవర్ ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి ఆయన మాటలు మొదలయ్యాయి. పాపని మోకాళ్ళ మీద ఎక్కించుకున్నాడు. “పాలు సరిగ్గా తాగుతోందా?” అని అడిగాడు. ఏ రోజు ఎన్ని పాలు తాగిందో నేను గీసుకున్న గ్రాఫులు తెచ్చి చూపించాను. ఆ గ్రాఫుల్ని మా ఆవిడ కూడా రెండో పేజీ దాటి చూడలేదు. బాబాయి చివరి కాగితందాకా చూసి, ఒకచోట వేలు పెట్టాడు.

“ఈ మంగళవారం ఏంట్రా, ఇలా పడిపోయింది?”

“జలుబు చేసింది బాబాయ్. రెండు రోజులు సరిగ్గా తాగలేదు” అన్నాను.

“అదీ! గురువారం మళ్ళీ లేచిందిగా” అన్నాడు గీతని మెచ్చుకుంటూ.

గంటన్నర తర్వాత లేచాడు. వెళ్ళబోతూ, జేబులోంచి పసుపుపచ్చ గుడ్డ తీసి, “ఒక్క నిమిషం, దీనిమీద దుమ్ముంది” అని మాకు వీపు పెట్టి వంటింటి పట్టీ తుడిచాడు. అదీ ఆయన పనిలో శుభ్రత.

వారం తర్వాత వంటింటి పట్టీ మోగింది.

మళ్ళీ ఫోను. మళ్ళీ “వస్తున్నా”. మళ్ళీ ఇరవై సెకన్లు, టీ, గ్రాఫులు, పసుపు గుడ్డ. ఈసారి రాతగది పట్టీ తుడిచాడు. తర్వాతి వారం రాతగది పట్టీ మోగింది. నేను నోటుబుక్కు పెట్టి తేదీలు రాయడం మొదలుపెట్టాను. ఏడు నెలల్లో పదిహేడుసార్లు.

“పదిహేడుసార్లు బిగించినా వదులైపోతోందా? అంత పనివాడు!” అంది మా ఆవిడ.

“అదే కదా నేను మొదట్నుంచీ మొత్తుకునేది. పట్టీ అనేదే తప్పు.”

“మరి ఆయన రాని వారాల్లో నువ్వెందుకు చిరాగ్గా ఉంటావు?”

దానికి నోటుబుక్కులో కాలమ్ లేదు.

ఇంతలో పాపకి పదిహేనో నెల వచ్చింది. నడవట్లేదు. కుర్చీ పట్టుకుని నిలబడేది, నన్ను చూసేది, కూర్చుండిపోయేది. పిల్లల డాక్టరు “పద్దెనిమిది నెలలదాకా ఆగొచ్చు” అన్నాడు. ఆగడం పాపకి తేలిక, నాకు కాదు. పట్టీల వల్లే భయపడుతోందని నేను తేల్చేశాను. నిజానికి పాప పాక్కుంటూ నేరుగా పట్టీ దగ్గరికే వెళ్ళి, అరచేత్తో కొట్టి, “టక్” అనగానే పకపకా నవ్వేది. నేను పరిగెత్తుకెళ్ళి ఎత్తుకొచ్చేవాణ్ణి. ఇది రోజుకి నలభైసార్లు.

చివరికి బాబాయితో తేల్చుకోవాలనుకున్నాను.

“అది నడవకముందే నాలుగూ తీసెయ్యాలి బాబాయ్. నువ్వు తియ్యకపోతే వేరే మనిషిని పిలుస్తా.”

బాబాయి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. అది చాలా పెద్ద విషయం.

“సరే. నువ్వు సైంటిస్టువి కదా. నేను పని చేసిన ఇళ్ళన్నీ తిరిగి రా. నా పట్టీ కాలికి తగిలి పడ్డవాణ్ణి ఒక్కణ్ణి, ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి చూపించు. ఆ రోజే నాలుగూ తీసేసి, ఆ సందుల్లో ఇదే చెక్క కొట్టి, అతుకు కనిపించకుండా చేసి పెడతా.”

“మాటేనా?”

“స్క్రూడ్రైవర్ మీద ఒట్టు” అని, అడ్రసులు రాసుకునే తన చిన్న పుస్తకం నా చేతిలో పెట్టాడు.

నేను పన్నెండు ప్రశ్నల పత్రం తయారుచేశాను. పాపని సంచీలో ఛాతీకి కట్టుకున్నాను. ఒక జేబులో ఎత్తులు కొలిచే కాలిపర్స్, ఇంకో జేబులో స్క్రూడ్రైవర్. ఏడు నెలల్లో మందులకీ కూరగాయలకీ తప్ప నేను గుమ్మం దాటడం అదే మొదలు.

మొదటి ఇల్లు రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయనది. ఒక్కడే ఉంటాడు. తలుపు తీసి, నా వైపు, పాప వైపు, కాలిపర్స్ వైపు చూశాడు.

“పట్టీ తట్టుకుని ఎప్పుడైనా పడ్డారాండీ?”

“కదిలే రైల్లో ముప్పై ఏళ్ళు నిలబడ్డవాణ్ణి. నీ పట్టీ నన్ను పడేస్తుందా?”

ఆయన పడగ్గది పట్టీ మీద కాలు వేశాను. టక్. నా ప్రాణం లేచొచ్చింది. వదులు స్క్రూ! మోకాళ్ళ మీద కూర్చుని తిప్పాను. సరిగ్గా అర మలుపు తిరిగి ఆగింది. చప్పుడు పోయింది. పెద్దాయన సంతోషిస్తాడనుకున్నాను. ముఖం వాడిపోయింది.

“బిగించేశావా?” అన్నాడు నెమ్మదిగా. “అయితే ఇక మీ బాబాయి సోమవారం రానక్కర్లేదేమో?”

అప్పటికి నాకేమీ తట్టలేదు. సైన్సు చదివినవాడికి అన్నీ ఆలస్యంగానే తడతాయి. ముందు కొలవాలి కదా.

రెండో ఇంట్లో ఏడుగురు. అందులో కవల పిల్లలు గుర్రాల్లాగా పట్టీల మీదుగా అటూ ఇటూ దౌడు తీస్తున్నారు. పట్టీలు మాత్రం కిమ్మనడం లేదు. ప్రతి స్క్రూ రాయిలా బిగిసి ఉంది.

“ఎవరైనా పడ్డారా అండీ?”

“నేను పడ్డాను బాబూ!” అంది మూలనున్న బామ్మగారు.

నేను పెన్ను తీశాను. “ఎక్కడ పడ్డారు, ఎప్పుడు?”

“బాత్రూములో. మా పెద్దాడి పెళ్ళికి ముందు.”

“సంబంధం లేనివి” అనే గడిలో రాసుకున్నాను.

అలా నాలుగు రోజుల్లో ఎనిమిది ఇళ్ళు తిరిగాను. పడ్డవాడు ఒక్కడూ దొరకలేదు. కానీ పట్టిక చూస్తే నా బుర్ర తిరిగింది. అయిదు ఇళ్ళల్లో పట్టీలు మౌనంగా ఉన్నాయి. మూడు ఇళ్ళల్లో మోగాయి. స్క్రూలు వాటంతటవి వదులైతే ఒకటి పావు మలుపు, ఒకటి రెండు మలుపులు, ఎలా పడితే అలా ఉండాలి. మూడు చోట్లా అర మలుపే. అది కూడా ఇల్లు మొత్తానికి ఒకే ఒక్క స్క్రూ. పైగా పిల్లలు గంతులు వేసే ఇంట్లో వదులవ్వని స్క్రూ, ఒక్క ముసలాయన చెప్పుల్లేకుండా నడిచే ఇంట్లో ఎలా వదులవుతుంది? నేను చదివిన భౌతికశాస్త్రంలో దీనికి సమాధానం లేదు.

తొమ్మిదో ఇల్లు రిటైరైన లెక్కల టీచరమ్మది. ఆమె కూడా ఒక్కతే ఉంటుంది. హాలుకీ పడగ్గదికీ మధ్య పట్టీ తొక్కాను. టక్. స్క్రూడ్రైవర్ తీసి వంగబోయాను.

“ముట్టుకోకు!”

తరగతి గది మొత్తాన్ని కూర్చోబెట్టగల గొంతు అది. నేను ఎక్కడివాణ్ణి అక్కడే ఆగిపోయాను. సంచీలో పాప కూడా కాళ్ళు ఆడించడం ఆపింది.

“వదులుగా ఉందండీ. బిగిస్తే...”

“ఉండనీ. ఆయన గురువారం వస్తాడు.” కుర్చీ చూపించింది. “కూర్చో. పాపని దింపు, చెమట పడుతోంది దానికి.”

ఆమె కుట్టుపని పెట్టె తెరిచి, దారపు ఉండల కింద నుంచి ఒక చిన్న స్క్రూడ్రైవర్ తీసి బల్ల మీద పెట్టింది.

“మూడేళ్ళ కిందట ఓసారి, ఏం తొందరలో ఉన్నాడో, స్క్రూ వదులుగా తిప్పడం మర్చిపోయి వెళ్ళాడు మీ బాబాయి. పది రోజులు చూశాను. మోగలేదు. పదకొండో రోజు నేనే తిప్పుకున్నాను.”

“ఎంత తిప్పారండీ?”

“అర మలుపు. లెక్కల టీచర్ని, ఆమాత్రం గమనించనా?”

నేను పట్టీని చూశాను. ఆమెని చూశాను. పసుపు గుడ్డ గుర్తొచ్చింది.

“అంటే... మీకు తెలుసని ఆయనకి తెలుసా?”

“తెలిస్తే రావడం మానేస్తాడు. సిగ్గు మనిషి కదా. పని ఉంటే గానీ రాడు, అందుకని పని పెట్టుకుని వెళ్తాడు. అయినా నేను తక్కువదాన్నా! ఎవరైనా ఫోన్ చేసి ‘ఎలా ఉన్నారు’ అంటే ‘బాగున్నాను’ అని పెట్టేస్తాను. అదే ‘పట్టీ మోగుతోంది’ అని మొదలుపెడితే గంట మాట్లాడతాను.” పాప వేళ్ళకి ఒక దారపు ఉండ అందించింది. “మీ ఇంట్లో మోగుతుందా?”

“మోగుతుందండీ. పదిహేడుసార్లు.”

“ఒక్కడివే ఉంటావా?”

“అబ్బే, లేదండీ. ముగ్గురం. మా ఆవిడ పొద్దున ఏడింటికి వెళ్ళి...” అని ఆగిపోయాను.

ఆమె, తప్పు లెక్క చేసిన పిల్లవాడు తనంతట తను దిద్దుకునేదాకా ఆగే టీచరులా, కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

“టీ పెట్టనా?” అంది.

“పెట్టండి” అన్నాను. రెండు గంటలు కూర్చున్నాను. ప్రశ్నల పత్రం సంచీలోనే ఉండిపోయింది. పాలు మూడు థర్మామీటర్లతో కొలిచే సంగతి చెబితే ఆమె నవ్వి నవ్వి, “మూడూ కలిపి సగటు తీస్తావా?” అని అడిగింది. తీస్తాను. ఆమెకి ఎలా తెలిసిందో!

మర్నాడు పందెం తేల్చడానికి బాబాయి వచ్చాడు. పెట్టెతో పాటు చంకలో నాలుగు సన్నటి చెక్క ముక్కలు కూడా ఉన్నాయి. మా ఇంటి నేల రంగువే.

“బాబాయ్, నేను ఓడిపోయాను. ఒక్కడూ పడలేదు.”

“పడరని నాకు తెలుసు.”

“మరి ఈ ముక్కలెందుకు?”

ఆయన నా వంక చూడకుండా పెట్టె కింద పెట్టాడు. “ఇన్ని రోజులు ఎండలో పిల్లనేసుకుని తిరిగావంటే ఎంత భయపడుతున్నావో అర్థమైందిరా. నీకు నిద్ర పట్టకుండా చేసే పట్టీ నాకెందుకు? తీసేస్తా.”

ముప్పై నాలుగేళ్ళలో ఎవరి అరుపులకీ లొంగని మనిషి, ఓడిపోయినవాడి కోసం పట్టీ తీస్తానంటున్నాడు. ఆయన పడగ్గది తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలా అని పట్టీ మీద అరచెయ్యి వేసి నొక్కాడు.

టక్.

హాల్లో ఆయన పెట్టె పట్టుకుని నిలబడ్డ పాప ఇటు తిరిగింది. పెట్టె వదిలేసింది.

నేను ఒక్క అంగలో ముందుకు దూకబోయాను. బాబాయి స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టాడు.

“ముట్టుకోకు.”

రెండు రోజుల్లో ఈ మాట నాకు ఇద్దరు చెప్పారు. ఆగాను. నా చేతులు మాత్రం గాల్లోనే ఉండిపోయాయి, కనిపించని బంతి పట్టుకున్నట్టు. పాప ఒక అడుగు వేసింది. ఊగింది. ఇంకోటి వేసింది. మూడో అడుగు పట్టీ మీద పడింది.

టక్.

ఒక్కసారి కిందికి చూసుకుంది. కాలు తీసింది. టక్. అవతలికి దాటింది, తిరిగింది, మళ్ళీ తొక్కింది. ఆ నాలుగు మిల్లీమీటర్ల కొండని అది అటూ ఇటూ పదకొండుసార్లు ఎక్కి దిగింది. నేను లెక్కపెట్టాను. పన్నెండోసారి పడింది. లేచింది.

“పడితే లేస్తుందని చెప్పానా?” అన్నాడు బాబాయి. స్క్రూడ్రైవర్ పట్టీ మీద పెట్టి, “మరి... తియ్యనా?” అన్నాడు.

“తీస్తే నీతో మాట్లాడను.”

ఆయన ఆ స్క్రూ ఒక్కటీ బిగించి లేచాడు. పాప తొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ తొక్కింది. తలెత్తి, మా బాబాయిని, ఇల్లు అమ్మేసినవాణ్ణి చూసినట్టు చూసింది.

టీ అయ్యాక ఆయన వెళ్ళబోతూ జేబులోంచి పసుపు గుడ్డ తీశాడు. “ఒక్క నిమిషం, దుమ్ము...” అని నా వైపు చూశాడు. నేను వెంటనే వంటింట్లోకి వెళ్ళి, పనేమీ లేకపోయినా కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు వింటూ నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు. పాప పడగ్గది పట్టీ మీద గంతులు వేస్తోంది. టక్, టక్, టక్.

ఇప్పుడు మా ఇంటికి గురువారం టీచరమ్మ వస్తుంది, బాబాయి కూడా వస్తాడు. గార్డుగారు శనివారం వచ్చి పాపకి పచ్చజెండా ఊపుతాడు. అది చూశాకే మా పాప గది దాటుతుంది. థర్మామీటర్లు రెండింటికి తగ్గాయి. రెండోది కూడా తీసెయ్యమంటుంది టీచరమ్మ. ఆలోచిస్తున్నాను.

కథ ఇక్కడికి అయిపోవాలి. కానీ నా పట్టికలో ఒక గడి మిగిలిపోయింది.

కిందటి నెల అడ్రసుల పుస్తకం తిరిగి ఇవ్వడానికి పాపని తీసుకుని బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయన ఎప్పుడూ మా ఇంటికి రావడమే గానీ నేను అక్కడికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. రెండు గదులు. రెండింట్లోనూ ఒకటే చెక్క. మధ్యలో పట్టీ, చెప్పక్కర్లేదు. పాప పరిగెత్తుకెళ్ళి తొక్కింది. చప్పుడు లేదు. నేను తొక్కాను. లేదు. ఇటు చివర, అటు చివర, మధ్యలో తొక్కి చూశాను. కొండరాయిలా ఉంది.

ఒక్కరే ఉండే ప్రతి ఇంట్లోనూ పట్టీ మోగుతుందన్నది నా సిద్ధాంతం. అన్ని ఇళ్ళూ దానికి లొంగాయి, ఈ ఒక్కటి తప్ప. శాస్త్రం చదివినవాడు అలాంటిదాన్ని చూస్తూ ఊరుకోలేడు.

బాబాయి మా కోసం బిస్కెట్ల డబ్బా వెతుకుతూ లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి నేను ఆయన పట్టీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన వైపు వీపు పెట్టి, జేబురుమాలుతో తుడుస్తున్నాను.

“ఏం చేస్తున్నావురా?”

“దుమ్ముంది బాబాయ్” అన్నాను.

నాలుగో రోజు పొద్దున ఫోన్ మోగింది.

“ఒరేయ్ సైంటిస్టూ! మా ఇంట్లో పట్టీ మోగుతోందిరా!”

“నువ్వు వేసిన పట్టీనా? వదులైందా?”

“అదే కదా! పంతొమ్మిదేళ్ళయింది అది వేసి. ఒక్కనాడు చప్పుడు చెయ్యలేదు.”

“ఎంత వదులైంది బాబాయ్? చూశావా?”

అవతల ఆయన నెమ్మదిగా పట్టీ తొక్కిన చప్పుడు వినిపించింది. టక్. ఇంకోసారి తొక్కాడు. టక్.

“చూశాను” అన్నాడు చివరికి. “నాకు మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయిరా. వంగలేను. నువ్వే వచ్చి బిగించాలి.”

ముప్పై నాలుగేళ్ళుగా మోకాళ్ళ మీదే బతికిన మనిషి ఆయన.

“వస్తున్నా” అన్నాను.

“ఆఁ, వచ్చేటప్పుడు పాపని కూడా తీసుకురా. బిగించాక తొక్కి చూడటానికి ఒక మనిషి కావాలి.”